మొహమాటానికి తిన్నది లెక్కలోకి రాదు

ఒళ్లు చేయడం ఒక లోపమని ఆ రోజుల్లో మా ఏలూరులో ఎవరూ అనుకునేవారు కాదు. మనిషి కాస్త నిండుగా కనిపిస్తే ఇల్లు సవ్యంగా నడుస్తోందన్నమాట అనుకుని ఊరుకునేవారు. సన్నబడితే మాత్రం వీధిలో ఆపి, గొంతు తగ్గించి, "ఒంట్లో ఎలా ఉంటోందండీ?" అని అడిగేవారు. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే జేబుల్లోకి చేరుతున్నాయి, మిస్‌డ్ కాల్ ఇవ్వడం ఒక మర్యాదగా స్థిరపడుతోంది. కేలరీ అనే మాట మాత్రం ఇంకా పాఠ్యపుస్తకం దాటి వంటింట్లోకి రాలేదు. అలాంటి కాలంలో ముగ్గురు చదువుకున్నవాళ్లు, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా బరువు తగ్గే పోటీ పెట్టుకున్నారంటే మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ నమ్మరు. దాని ఫలితం తెలిసినవాళ్లు అసలే నమ్మరు.

కారణం ముందు చెప్పాలి. నేనప్పుడు వట్లూరు వైపు ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవాడిని. ఆ కాలేజీ మొత్తానికి ప్రిన్సిపాల్‌గారి గదిలోనూ మా ల్యాబ్‌లోనూ మాత్రమే ఏసీ ఉండేది. (కంప్యూటర్లు వేడెక్కకూడదని పెట్టించారు గానీ, వాటికి అవసరమో నాకు అవసరమో చూసినవాళ్లకి తెలిసిపోయేది.) నేను పెద్ద పొడగరిని కాను. ఆ లోటును అడ్డంగా పూడ్చుకుంటూ వచ్చాను. మా టైలరు ఏటా పండక్కి కొలతలు తీసుకుని, టేపు మెడలో వేసుకుని, ఏమీ అనకుండా ఒకసారి నిట్టూర్చేవాడు. నా ఆరోగ్యం గురించి అప్పటివరకు నాకు అందిన వైద్య సలహా అదొక్కటే.

పెంటపాడులో ఉండే మా మేనత్త నాకొక సంబంధం చూసింది. అమ్మాయిది తాడేపల్లిగూడెం. అక్కడే జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతోంది. పెళ్లిచూపులకు వెళ్లాం. మాటలు వాళ్ల నాన్నగారూ మా అమ్మా మాట్లాడుకున్నారు. నా వంతుకు వచ్చిన పని తినడం. వాళ్ల మామ్మగారు, పండు ముసలావిడే గానీ చేయి వణకని మనిషి, నా కుర్చీ పక్కనే నిలబడి బూరెలు, జంతికలు, మళ్లీ బూరెలు వడ్డిస్తూ పోయారు. నేను వద్దంటూనే ఉన్నాను. మా గోదావరి వైపు ఈ 'వద్దు' సంగతి కొంచెం చెప్పాలి. మొదటిసారి వద్దంటే దాన్ని ఎవరూ వినరు, అది దగ్గులాంటిది. రెండోసారి అంటే ఒకటి వేస్తారు. మూడోసారి కాస్త గట్టిగా అంటే, "ఎంత మర్యాదస్తుడో" అని మెచ్చుకుని రెండు వేస్తారు. నేను చాలా మర్యాదస్తుడినని ఆ పూట రుజువైంది. చివరికి ఊపిరి తీసుకోవడానికి కూడా చోటు లేక, ఏదో కాజా ముక్క చేత్తో పట్టుకుని దిక్కులు చూస్తుంటే, ఆ అమ్మాయి లోపలినుంచి వచ్చి, "ఇది తీసేస్తున్నానండి" అని నా ముందున్న పళ్లెం ఎత్తుకుపోయింది. అంతే. ఒక్క ముక్క. నన్ను అంతవరకూ జీవితంలో ఎవరూ అలా కాపాడలేదు. బస్సులో తిరిగి వస్తూ, చేసుకుంటే ఈ అమ్మాయినే చేసుకోవాలని నిశ్చయించుకున్నాను. (అంత తిన్నాక నిశ్చయించుకోవడం తప్ప ఇంకేమీ చేసే స్థితిలో లేను కూడా.)

జవాబు మా అత్తయ్య ఫోన్‌లో చెప్పింది. అమ్మాయి మంచిగానే మాట్లాడిందట. నెమ్మదస్తుడు అందట. "కాకపోతే కాస్త ఒళ్లు తగ్గితే బాగుంటుందని వాళ్ల ఉద్దేశంరా. కార్తీకమాసం వెళ్లనిచ్చి, క్రిస్మస్ సెలవులప్పుడు ఇంకోసారి రమ్మన్నారు. అప్పుడు చెబుతారట ఏ సంగతీ. తగ్గుతావా అప్పటికి?"

"తగ్గుతానత్తయ్యా."

"పొద్దున్న ఏం తిన్నావు?"

"పెసరట్టు."

"ఉప్మాతోనేనా?"

నేను ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. మా అమ్మకి ఈ సంగతి చెబితే, బంగారంలాంటి పిల్లాడికి వంక పెట్టారని బాధపడి, ఆ దిగులులో నేను తిండి మానేస్తానేమోనని భయపడి, ఆ రాత్రి రెండు అట్లు ఎక్కువ వేసింది. ఒంటరిగా ఈ పని కాదని నాకు అర్థమైంది.

నా స్నేహితుల్లో ఈ విషయానికి అర్హత ఉన్నవాళ్లు ఇద్దరు. ఒకరు డ్రిల్లు మాస్టారు. ఒక పాత బడిలో పిల్లల చేత ఆటలాడించేవారు, తాను కుర్చీలో కూర్చుని ఈల వేసేవారు. ఈల మాత్రం బాగా దమ్మున్న ఈల. తాతల కాలం నుంచి చర్చిలో పాటలు పాడే కుటుంబం వాళ్లది. చిన్నాపెద్దా తేడా లేకుండా అందరినీ 'ఏవండీ' అంటారు. అల్లరి చేసిన ఆరో తరగతి పిల్లాణ్ణి కూడా, "ఏవండీ, మీరొకసారి బెంచీ ఎక్కి నిలబడండి" అంటారు. రెండోవాడు చేపల బావ. నాకు వరసకు ఏమీ కాడు. కొల్లేరు పక్కన చేపల చెరువులున్నాయి, ఊరంతా బావా అంటారు కాబట్టి నేనూ అనేవాడిని. అతను దోనె ఎక్కితే రెండో కొస నీళ్లలోంచి లేచిపోతోందనీ, మేత చల్లే మనిషి అతనితో దోనె ఎక్కడం మానేసి గట్టు మీదనుంచే విసురుతున్నాడనీ వాళ్ల నాన్న కోప్పడ్డాడట. అలా ముగ్గురికీ మూడు కారణాలు కుదిరాయి. పోగొట్టుకోవడానికి ఏదైనా ఉన్నవాడిని మాత్రం నేనొక్కడినే.

ఒప్పందం కాలవ గట్టు మీద మిరపకాయ బజ్జీల బండి దగ్గర జరిగింది. (ఇవే ఆఖరి బజ్జీలు అనుకుని, ఆఖరివి కాబట్టి ఇంకో ప్లేటు చెప్పుకున్నాం.) రాత్రి అన్నం మానేసి పుల్కాలు తినాలి. తీపి వస్తువు ముట్టకూడదు. నూనెలో వేగినదాన్ని దూరంనుంచి చూడవచ్చు. క్రిస్మస్ ముందు ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లు గెలిచినట్టు. గెలిచినవాడికి ఓడినవాళ్లిద్దరూ కలిసి భోజనం పెట్టాలి, కొరమీను పులుసు తప్పనిసరి. తిండి తగ్గించినందుకు బహుమతిగా తిండి పెట్టడంలో ఏదో తేడా ఉందని మాలో ఎవరికీ తట్టలేదు. మా వైపు సంతోషం వచ్చినా, సంతాపం వచ్చినా, రాజీనామా చేసినా భోజనమే పెడతారు. ఇంకేం పెట్టాలో మాకు తెలియదు.

అంతా అయ్యాక మాస్టారు ఒక సందేహం లేవదీశారు. "ఏవండీ, అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఎవరింటికైనా వెళ్లామనుకోండి. పెద్దావిడ పళ్లెం పట్టుకొచ్చింది. అప్పుడో?"

బావ నములుతూనే ఆలోచించాడు. "అప్పుడు తినాలి కదండీ మరి. వద్దంటే ఏం బాగుంటుంది."

"తింటే పందెం పోతుంది కదండీ."

"అది మనం తిన్నట్టు కాదు కదా మాస్టారూ. వాళ్లు పెట్టినట్టు."

ఇక్కడ నేను కల్పించుకున్నాను. డిగ్రీ చేసినవాడిని కాబట్టి ఆ భావాన్ని ఒక సూత్రంలా చెప్పాను: మొహమాటానికి తిన్నది లెక్కలోకి రాదు. ఇద్దరూ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తల ఊపారు. ఆ తర్వాత నేను చాలా కమిటీల్లో కూర్చున్నాను గానీ అంత తొందరగా ఏకాభిప్రాయం కుదిరిన నిబంధన మళ్లీ చూడలేదు. అది మాకు మినహాయింపులా కూడా అనిపించలేదు, సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నట్టు అనిపించింది. మొహమాటానికి తిన్నదేదో, ఇష్టపడి తిన్నదేదో మన ఒంటికి కూడా తెలుస్తుందనీ, అది కూడా మర్యాద పాటిస్తుందనీ ముగ్గురం మనస్ఫూర్తిగా నమ్మాం.

బరువు చూసుకోవడానికి ముందు రైల్వేస్టేషన్‌లో రంగురంగుల లైట్లు తిరిగే మెషీన్ ఎక్కాం. అది దిగి మళ్లీ ఎక్కితే ఇంకో బరువు చెప్పింది. (జాతకం మాత్రం రెండుసార్లూ ఒకటే చెప్పింది, నా పలుకుబడి పెరుగుతుందని.) అప్పుడు బావ, వాళ్ల ప్యాకింగు షెడ్డులో చేపలు తూచే కాటా ఉందనీ, దానికి మించిన నిజాయితీపరుడు జిల్లాలో లేడనీ చెప్పి మమ్మల్ని కైకలూరు రోడ్డు మీదుగా తీసుకెళ్లాడు. అక్కడ తూకం చెప్పే పెద్దాయనకి ఒక అలవాటు. ట్రే కాటా మీద పెట్టగానే ఆ మూలనున్న లారీవాడికి కూడా వినబడేలా అంకెను రాగం తీసి అరుస్తాడు. మనుషుల్ని తూచేటప్పుడు ఎందుకు మానుకోవాలో ఆయనకి ఎవరూ చెప్పలేదు. "తొంభై ఆరూ..." అని నా బరువు షెడ్డు రేకులకి తగిలి తిరిగివచ్చినప్పుడు ఐసు కొడుతున్నవాళ్లు కాసేపు పని ఆపి మర్యాదగా చూశారు. మాస్టారిదీ బావదీ అంతకన్నా పెద్ద రాగాలు. అక్కడినుంచి పోటీ మొదలైంది.

మొదటి వారం మేం నిజంగానే కష్టపడ్డాం, అది ఒప్పుకోవాలి. నేను పొద్దున్నే లేచి కాలవ గట్టున నడిచేవాడిని. ఎదురైన ప్రతివాడూ ఆగి, ఇంట్లో అందరూ బాగున్నారా అని కంగారుగా అడిగేవాడు. ఇంట్లో పుల్కాలు తింటుంటే మా అమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని, ఏమీ అనకుండా, గుమ్మంలో నిలబడేది. అన్నిటికంటే కష్టం అదే. అయితే మేం చూసుకోని విషయం ఒకటుంది. మేం పందెం మొదలుపెట్టింది కార్తీకమాసంలో. కార్తీకంలో మా ఇళ్లలో ఉపవాసాలుంటాయి, నిజమే. ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం చుక్క చూశాక ఏం చేస్తారో అందరికీ తెలుసు. పైగా వనసమారాధనలు. మా వీధివాళ్లది, మా కాలేజీ వాళ్లది, మా కులంవాళ్లది, మా అమ్మ పుట్టింటివాళ్లది, ప్రతి ఆదివారం ఏదో ఒక తోటలో పులిహోర, కంద బచ్చలి, పనసపొట్టు, బూరెలు. వెళ్లకపోతే ఏమనుకుంటారో అని మొహమాటం. వెళ్లాక తినకపోతే మరీ మొహమాటం. కార్తీకం వెళ్లిందో లేదో మాస్టారి వైపు మొదలైంది. డిసెంబరు వస్తే వాళ్లకి ప్రతి సాయంత్రం ఒకరింట్లో ప్రార్థన కూడిక, ప్రార్థన అయ్యాక ఫలహారం. ఆయన బాగా పాడతారు కాబట్టి ఆయన లేకుండా కూడిక జరగదు. ఆయన ఉండగా ఫలహారం మిగలదు. ముగ్గురం కలిసినప్పుడు, "నిన్న బాగా తిన్నారటగా మాస్టారూ" అని బావ అడిగితే, ఆయన ఎంతో ప్రశాంతంగా, "అది లెక్కలోకి రాదండీ" అనేవారు. మేం ఒప్పుకునేవాళ్లం. మాకూ అదే అవసరం కాబట్టి.

రెండోసారి కాటా ఎక్కిన రోజున దారిలో నాలుగు చినుకులు పడ్డాయి. పెద్దాయన నా అంకె రాగం తీశాడు. మొదటిసారి కంటే రాగం కొంచెం పొడుగైంది. మాస్టారిదీ అంతే. బావ కాటాను అటూ ఇటూ కదిపి చూశాడు. పెద్దాయన నొచ్చుకోకుండా, "తరుగు తీయమంటారా బాబూ?" అని అడిగాడు. చేపల్ని ఐసుతో, నీళ్లతో కలిపి తూస్తారు కాబట్టి ఆ తడికి కొంత బరువు కొట్టేయడం ఆ వ్యాపారంలో మామూలు. బావ, మనుషులకి తరుగేమిటి తాతా అని కసురుకున్నాడు గానీ మాస్టారు వదల్లేదు. "ఏవండీ, తొందరపడకండి. మనం వానలో వచ్చాం. చొక్కాలు తడిశాయి. న్యాయంగా ఎంతో కొంత తీయాలి కదా." చొక్కా ఎంత తడిసినా కిలో నీళ్లు పట్టదని ఆయనకి సైన్సు తెలిసినవాడిగా చెప్పాల్సిన బాధ్యత నామీద ఉంది. నేను చెప్పలేదు. నా చొక్కా కూడా తడిసింది.

అయినా అంకె అంకే. ఆ రాత్రి నాకు మొదటిసారి భయం వేసింది. సెలవులు దగ్గరపడుతున్నాయి. తాడేపల్లిగూడెంలో ఒక లెక్కల లెక్చరర్ నా గురించి ఒక నిర్ణయానికి రావడానికి సిద్ధంగా ఉంది. ఆమెకు అంకెలు తెలుసు. నాకు తెలిసినంత తప్పుగా మాత్రం తెలియవు. సరిగ్గా అప్పుడే మా ముగ్గురికీ, ఒకరికి తెలియకుండా ఒకరికి, ఒకే ఆలోచన వచ్చింది. మనం తగ్గలేకపోతే పక్కవాడిని పెంచవచ్చు. దానికి కత్తీ కటారీ అక్కర్లేదు, ఒక పెద్దావిడ చాలు.

ముందుగా ఎత్తు వేసింది బావ. మాస్టారు మా ఇంట్లో తినడానికి సంకోచిస్తున్నారమ్మా అని వాళ్లమ్మతో ఒక్క మాట అన్నాడు. మర్నాడు చేపల లారీలో, ఐసు పెట్టెల మధ్య కూర్చుని, ఒక నాలుగు గిన్నెల క్యారేజీ ఏలూరులో దిగింది. అడుగునుంచి పైదాకా రొయ్యల ఇగురు, కొరమీను పులుసు. మా ఇంట్లో శనివారం నీచు ముట్టరు కదా అని నాకు విడిగా గారెలు, పాలతాలికలు. "ఎన్నాళ్లయిందో మా ఇంటికొచ్చి" అని కబురు. నేను ఊరుకుంటానా. బావ చేపల మేతకి తవుడు కొనడానికి తాడేపల్లిగూడెం రైసుమిల్లులకి వెళ్తుంటాడు, పెంటపాడు ఎంతో దూరం కాదు. మా అత్తయ్యకి ఫోన్ చేసి, బావ బాగా చిక్కిపోయాడని మాత్రం చెప్పాను. (అది అబద్ధం కాదు. అతని ఆశయం అదే కదా.) అత్తయ్య దారికాసి పట్టుకుంది. ఆ రోజు తవుడు బస్తాల మీద మెత్తగా పడుకుని బావ ఇంటికి చేరాడనీ, దించేటప్పుడు హమాలీలు తికమకపడ్డారనీ విన్నాను. మాస్టారు మా ఇద్దరికంటే పెద్ద ఆటగాడు. మమ్మల్ని, పండక్కి ముందే జరుపుకునే వాళ్ల సెమీ క్రిస్మస్ కార్యక్రమానికి ప్రత్యేక అతిథులుగా పిలిచి, స్టేజీ మీద కూర్చోబెట్టి, దండలు వేయించి, మైకులో పేరుపేరునా పొగిడారు. తర్వాత ఒక్కో కుటుంబం వరసలో వచ్చి ఒక్కో కేకు ముక్క నోటికి అందించింది. వందమంది చూస్తుండగా, మెడలో దండతో, మైకు ముందు నోరు మూసుకునేవాడు మా వైపు ఇంకా పుట్టలేదు.

క్రిస్మస్‌కి ముందు ఆఖరి తూకం. ఆ రోజు వాన లేదు, తరుగు మాట ఎవరూ ఎత్తలేదు. మొదలుపెట్టిన రోజు కంటే బావ మూడు కిలోలు, నేను రెండు, మాస్టారు ఒకటిన్నర పెరిగాం. మాస్టారు గొంతు సవరించుకుని, "ఏవండీ, అయితే గెలిచింది నేనే కదా" అన్నారు. తక్కువ పెరిగినవాడు ఎక్కువ తగ్గినట్టే లెక్క అని వాదించారు. తప్పని రుజువు చేయడానికి చాలా ప్రయత్నించాను, కుదరలేదు.

వాళ్లిద్దరూ నవ్వుకుంటూ కొరమీను సంగతి మాట్లాడుకుంటున్నారు. నేను షెడ్డు బయటికి వచ్చి నిలబడ్డాను. కొల్లేరు వైపు గూడబాతులు కడుపునిండా తిని, బరువుగా, ఏ సిగ్గూ లేకుండా ఎగురుతున్నాయి. వాటిని ఎవరూ తగ్గి రమ్మనలేదు. బావ నా వెనకే వచ్చాడు. కాసేపు అతనూ బాతుల్ని చూశాడు. "ఆ గారెలు పంపకుండా ఉండాల్సింది బావా" అన్నాడు మెల్లగా. "నాకు నీ సంగతి గుర్తులేదు. పందెమే గుర్తుంది." నాకూ పందెమే గుర్తుంది, నువ్వొక్కడివే కాదులే అన్నాను. మాస్టారు కూడా వచ్చి, ఉన్నదున్నట్టు చెప్పేయండి, ఆ అమ్మాయి లెక్కలు చెప్పే మనిషి, ఎలాగూ పట్టేస్తుంది అన్నారు.

తాడేపల్లిగూడేనికి నన్నూ మా అమ్మనీ బావే తన జీపులో తీసుకెళ్లాడు, ప్రాయశ్చిత్తంగా. దారిలో పెంటపాడులో అత్తయ్యను ఎక్కించుకున్నాం. అత్తయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, మా అమ్మ వైపు చూసి, కిటికీలోంచి చేలు చూడటం మొదలుపెట్టింది. నేను ఒక చిన్న నిర్ణయం తీసుకున్నాను. గొప్పదేం కాదు. తగ్గడం ఎలాగూ అవలేదు, కనీసం ఆ అమ్మాయి కళ్లెదుట ఇంకా పెరగకూడదు. అంతే.

భోజనాలకి కూర్చున్నాం. అరిటాకు నిండా వడ్డించారు. తిన్నంత తిన్నాను. మామ్మగారు బూరెల పళ్లెంతో వచ్చారు. వద్దండి అన్నాను. ఆవిడ వినలేదు. మళ్లీ అన్నాను. బూరెతో చేయి ఆకు మీదికి వంగింది. నేను ముందుకు వంగి రెండు చేతులూ ఆకు మీద అడ్డం పెట్టాను. నా జీవితంలో అలా చేయడం అదే మొదలు. బూరె గాలిలో ఆగిపోయింది. అమ్మాయి నాన్నగారు మజ్జిగ కలుపుకోవడం ఆపారు. మా అత్తయ్య కళ్లు మూసుకుంది. పక్కాకు ముందున్న బావ, ఎందుకైనా మంచిదని, తన ఆకు కొంచెం ఇటు జరిపాడు.

"ఏం బాబూ, బాగా లేవా?" అన్నారు మామ్మగారు.

"బాగున్నాయండి. చాలండి మామ్మగారూ."

"మొహమాటపడకు నాయనా."

"మొహమాటపడితే తినేసేవాణ్ణేనండి."

ఎందుకన్నానో నాకు తెలియదు. అది ఎత్తుగడ కాదు, నిజం అలా నోట్లోంచి వచ్చేసింది. వంటింటి తలుపు వెనకనుంచి ఒక నవ్వు వినిపించింది, మొదలవగానే చేత్తో ఆపేసుకున్న నవ్వు. మామ్మగారు తలుపు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, బూరెలు తీసుకెళ్లి బావ ఆకులో వేశారు. బావ వద్దనలేదు.

భోజనాలయ్యాక మమ్మల్నిద్దరినీ వరండాలో మాట్లాడుకోమన్నారు. ఆమె స్తంభం పక్కన నిలబడింది. నేను కుర్చీ చూసి కూర్చున్నాను. మాటలు వెతుక్కోకముందే ఆమె అడిగింది. "మీ ఫ్రెండ్‌గారు చెబుతున్నారు, ఏదో పందెం కట్టారటగా. ఎంత తగ్గారండీ?"

"రెండు కిలోలు పెరిగానండి."

ఈసారి చేయి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. మొత్తం చెప్పమంది. కాటా, తరుగు, సెమీ క్రిస్మస్, తవుడు బస్తాలు అన్నీ చెప్పాను. చివర్లో, మీరు తగ్గమన్నారు గానీ నావల్ల కాలేదండి, మీ ఇష్టం అన్నాను. ఆమె నవ్వు ఆపి విచిత్రంగా చూసింది.

"తగ్గమని నేనెప్పుడన్నానండీ?"

"మా అత్తయ్య చెప్పింది."

"నేనన్నది అది కాదు. ఆయన ఎవరేం పెట్టినా తినేస్తున్నారు, రేపు ఎవరేం చెప్పినా అలాగే తలూపుతారేమో, నాకదే భయంగా ఉందని అన్నాను. ఇంకోసారి చూసి చెబుతానన్నాను." లోపల ఆకులు తీస్తున్న చప్పుడు వైపు ఒకసారి చూసింది. "ఇవాళ చూశాను కదండీ. నాన్నగారికి చెబుతాను."

ఏం చెబుతుందో అడగలేదు. అడగాల్సిన అవసరం లేనట్టుగా నవ్వి లోపలికి వెళ్లిపోయింది.

తిరుగుప్రయాణంలో జీపులో అత్తయ్యను నిలదీశాను. అత్తయ్య ఏమాత్రం తొణకలేదు. "ఆ పిల్ల అన్నది అన్నట్టు చెబితే నీకేం అర్థమవుతుందిరా? వద్దనడం రాదు అంటే ఏం చేసేవాడివి? ఒళ్లంటే అద్దంలోనైనా కనబడుతుంది కదా అని అలా చెప్పాను." మా అమ్మ, ముందే చెబితే పిల్లాడు ఆ పుల్కాల బాధ పడేవాడు కాదు కదా అని ఆవిడతో కొంచెం పోట్లాడింది. బావ మాత్రం స్టీరింగు పట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ఆయాసపడుతూ బండి నడిపాడు. నేను వద్దన్నవన్నీ ఆ పూట అతనే తిన్నాడు.

పెళ్లి మాఘంలో జరిగింది. మాస్టారికి మేం బాకీ ఉన్న కొరమీను భోజనం బావ వాళ్ల చెరువు గట్టున పెట్టాం. ఆయన గెలిచినవాడి హుందాతనంతో మూడుసార్లు వద్దని, మూడుసార్లూ వేయించుకున్నారు. మామ్మగారు మా పెళ్లయ్యాక చాలా ఏళ్లు బతికారు. నన్ను చూసినప్పుడల్లా బూరెల పళ్లెంతో వచ్చి, కొంచెం దూరంలో ఆగి, "ఏం, ఇవాళ మొహమాటం ఉందా లేదా?" అని అడిగేవారు. లేదంటే ఒకటి వేసేవారు, ఉందంటే రెండు. ఏం చెప్పినా ఆకు ఖాళీగా ఉండేది కాదు.

ఇప్పుడు నాకు షుగరు ఉంది, మాత్రలున్నాయి, ఇంట్లో నిశ్శబ్దంగా అంకె చూపించే చిన్న మెషీనొకటి ఉంది. బరువు అదుపులోనే ఉందని డాక్టరుగారు మెచ్చుకుంటారు. మొన్న వట్లూరులో ఒక ఫంక్షన్‌హాల్లో పెళ్లి భోజనానికి కూర్చుంటే, యూనిఫారం వేసుకున్న కుర్రాడు స్వీటు తెచ్చాడు. అలవాటుగా వద్దన్నాను. అతను, "సరేనండి" అని పక్కాకు దగ్గరికి వెళ్లిపోయాడు. మొదటి మాటకే. నేను కాస్త కంగారుపడ్డాను. మనిషి మంచివాడే, శుభ్రంగా ఉన్నాడు, మర్యాదగా మాట్లాడాడు. అయినా ఆ వరస చివరిదాకా అతన్నే చూస్తూ కూర్చున్నాను, ఒక్కసారైనా వెనక్కి తిరుగుతాడేమోనని. ఆనాటి సెమీ క్రిస్మస్ స్టేజీ మీద దండతో నోరు తెరుచుకుని కూర్చున్న ఆ తొంభై ఎనిమిది కిలోల కుర్రాడు గుర్తొచ్చాడు. పాపం, ఊరు ఊరంతా తనని బలవంతపెడుతోందని ఎంత బెంగపడేవాడో.